సూదికి వేలాడిన అట్ట

మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయాక నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "అదే." మంచినీళ్లు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే, నన్ను చూడగానే అదే, నేను వెళ్లిపోతుంటే అదే. అంతకు ముందు ఆయన వాగుడుకాయ. "మీ నాన్న నోరు మూతపడాలంటే నిద్రన్నా రావాలి, ముద్దన్నా పెట్టాలి" అని మా అమ్మ విసుక్కునేది. అమ్మ ముందే పోయింది. లోపల మాటలన్నీ ఉన్నాయి, మనం చెప్పేదీ అర్థమవుతుంది, బయటికి రావడమే లేదు అని డాక్టర్లు చెప్పారు. లోపల లేకపోయినా బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

మేము తెనాలి వైపు వాళ్లం. నాన్న ఉద్యోగం సికింద్రాబాదులో, ఒక పెద్ద ఆఫీసు లెక్కల యంత్రాల గదిలో. అక్కడ అంకెలన్నీ అట్టల మీద చిల్లులుగా పొడిచి యంత్రంలో వేసేవారు. అవి చకచకా విడిపోయి దేని అరలో అది పడేవి. ఆ యంత్రం గురించి ఆయన ఇంట్లో చెప్పని రోజు లేదు. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుని. పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళకి వచ్చేదాన్ని. మేడ మీద కిరాయి ఇల్లు. కాలకృత్యాలకి కూడా లేవలేని మనిషిని రోజంతా తలుపు వేసి వదిలిపోవడం నా వల్ల కాలేదు. కొన్నాళ్లు చూసి మాదాపూర్ బండల్లో, మంచాన పడ్డవాళ్లని ఉంచుకునే ఒక ఆశ్రమంలో చేర్పించాను. పెళ్లికాని పిల్ల తండ్రిని దవాఖాన పాలు చేసిందని చుట్టాలు అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ వచ్చి ఆయన దగ్గర ఒక్క పూట కూర్చోలేదు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు హైటెక్ సిటీ అంటూ అద్దాల మేడలు లేపిన చోటికి అప్పట్లో బస్సే లేదు. ఆదివారం ఆదివారం బోరబండ దాకా రిక్షాలో పోయి, అక్కణ్ణుంచి బండల మధ్య కాలిబాట పట్టేదాన్ని. దారి పొడుగునా సీతాఫలం పొదలు, మేకలు, ఎండ. చివర్లో ఎవరో పుణ్యాత్ములు కట్టించిన పొడుగాటి పెంకుల షెడ్లు. బోర్డు మీద దానికి ఏదో పెద్ద పేరుండేది గానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మంచాల దవాఖాన అనేవాళ్లు. అది సరైన పేరే. అక్కడికి నయమవ్వడానికి ఎవరూ రారు. నయం కానివాళ్లు, నయమైనా పోవడానికి చోటు లేనివాళ్లు ఏళ్ల తరబడి ఒకే మంచం మీద ఉండిపోతారు.

నాన్న పక్క మంచం ఒక గీత కార్మికుడిది. సొంతూరు కొండాపూర్. నడుముకి చుట్టుకున్న మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడు. తుంటి ఎముక వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుని కుంటుతూ వార్డంతా తిరిగేవాడు. నేను మొదటిసారి పోయినప్పుడు, "ఏమండీ, మా నాన్నగారు అన్నం తిన్నారా అండీ?" అని అడిగితే, తన వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూశాడు.

"నన్నా బిడ్డా? నన్ను అండీ అంటే ఎవలో పట్వారి వచ్చిండనుకున్న. పెద్దనాయిన అను, సాలు" అన్నాడు.

అప్పట్నుంచి పెద్దనాయినే. ఆయన నాన్నని సారు అనేవాడు. తన అన్నం తినే ముందు నాన్నకి తినిపించేవాడు. ముద్ద నోట్లో పెట్టి, మింగేదాకా ఆగి, మూతి తుడిచి, మళ్లీ పెట్టేవాడు. ఆయాలు హాయిగా ఆ పని ఆయనకే వదిలేశారు. అంతకంటే పెద్ద పని, నాన్న మాట అందరికీ చెప్పడం.

ఒక ఆదివారం నేను కూర్చుని ఉండగా నాన్న "అదే" అన్నాడు. నీళ్లిచ్చాను. తల అడ్డంగా ఊపాడు. దుప్పటి కప్పాను. విసిరికొట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చి వదిలేశాను. పెద్దనాయిన వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏంది సారు, ఉక్కపోస్తున్నదా? కాదా. కిటికీ తెరవాల్నా? గదీ కాదా. బిడ్డ మీద కోపమా? జర ఆగు, ఆగు, కొడ్తవా ఏంది? కొట్టు. కొట్టినంక అడుగుత. నిన్న పొయిన పిల్లి మల్ల వచ్చిందా అని అడుగుతున్నవా?"

"అదే!" అన్నాడు నాన్న, మొహం ఇంత చేసుకుని.

ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఆ పిల్లి సంగతి మాట్లాడుకున్నారు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు అదే అంటారు. మా ఇంట్లో అన్ని మాటలుండీ మేము అంత తీరిగ్గా మాట్లాడుకున్న గుర్తు లేదు.

నీకెలా అర్థమవుతుంది పెద్దనాయినా అని అడిగాను. "నాకేం సమజ్ గాదు బిడ్డా" అన్నాడు. "అడుగుత. కాదంటడు. మల్ల అడుగుత. అయ్యేదాంక అడుగుత. మీకు పనులుంటయి. నాకేం పనున్నది?"

అలా ఒక ఏడాది గడిచింది. అప్పుడొచ్చాడు కొత్త డాక్టరు. ఢిల్లీలో చదివినవాడు, సన్నగా, ఎప్పుడూ తొందరగా నడిచేవాడు. మంచి మనిషి. నేను ఆయనతో ఎన్ని పోట్లాటలు పెట్టుకున్నా ఆ మాట మాత్రం కాదనను. అక్కడ రోగుల కాగితాలన్నీ ఒక గదిలో గోనెసంచుల్లో కుక్కి ఉండేవి. సగం ఎలుకలు తిన్నాయి. ఎవరికి ఏ మందు పడదో కాగితం వెతికి పట్టుకునేలోపు మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. ఒకావిడని ఏ కాలు నొప్పి అని వచ్చిన ప్రతి డాక్టరూ మళ్లీ మొదటి నుంచి అడిగేవాడు. ఆవిడ విసుగొచ్చి రెండో కాలు చూపించడం మొదలుపెట్టింది. ఇదంతా చూసి కొత్త డాక్టరు ఎక్కడో నేర్చుకున్న పద్ధతి ఒకటి తెచ్చాడు.

మనిషికొక మందపాటి అట్ట. పోస్టుకార్డుకి రెండింతలుంటుంది. నాలుగు అంచుల వెంటా వరసగా చిల్లులు. ఒక్కో చిల్లుకి ఒక్కో సంగతి. జ్వరానికొకటి, ఆయాసానికొకటి, నడవగలగడానికొకటి, ఏ మూల మంచమో దానికొకటి. ఆ సంగతి ఆ మనిషికి ఉంటే, చిల్లుకీ అంచుకీ మధ్యనున్న కాస్త అట్టని రైలు టికెట్లు కత్తిరించే కత్తెర లాంటి దాంతో టక్కున కోసేస్తారు. లేకపోతే చిల్లు అలాగే ఉంటుంది. తర్వాత అట్టలన్నీ కట్టగా పేర్చి, కావలసిన చిల్లులోంచి దబ్బనమంత పొడుగాటి సూది దూర్చి పైకెత్తితే, కోసిన అట్టలు రాలిపోతాయి. కోయనివి సూదికి వేలాడతాయి. జ్వరం ఎవరెవరికుందో అని వార్డులన్నీ తిరగక్కర్లేదు. కరెంటు కూడా అక్కర్లేదు. వార్డులో మాత్రం పెద్ద సూది వచ్చిందట, అందరికీ పొడుస్తారట అని పుకారు లేచింది. ఇద్దరు ముసలమ్మలు దుప్పట్లు ముసుగేసుకుని పొద్దంతా లేవలేదు.

డాక్టరు మంచం మంచం దగ్గరా కూర్చుని అడిగి రాసుకున్నాడు. పెద్దనాయిన దగ్గరికొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"నడుస్తావా?"

"నడుస్త సారు. గీ కట్టె ఉంటె గోలకొండ దాంక పోత."

"అన్నం నీ అంతట నువ్వే తింటావా?"

"నేను తినుడే గాదు, మా సారుకు గూడ తినిపిస్త."

డాక్టరు నవ్వి, నడుస్తాడు, తింటాడు అని రెండు చిల్లులు కోశాడు. తినిపించడానికి చిల్లు లేదు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"అందరున్నరు సారు. మా అన్న కొడుకులున్నరు, వాండ్ల పిల్లలున్నరు. నాకేం తక్కువ?"

మూడో చిల్లు కూడా కోశాడు. నేను అక్కడికి వస్తున్న ఏడాదిలో ఆయన కోసం ఎవరూ రాగా నేను చూడలేదు. ముసలాయన డాంబికం అనుకుని లోపల నవ్వుకున్నాను.

నాన్న మాత్రం ఈ మాటలేవీ వినలేదు. ఆయన చూపంతా అట్ట మీదే ఉంది. ఎడమ చెయ్యి చాపి "అదే! అదే!" అని గోల పెట్టాడు. "గా అట్ట జర ఇయ్యుమంటున్నడు" అన్నాడు పెద్దనాయిన. డాక్టరు ఇచ్చాడు. నాన్న దాన్ని బొటనవేలితో అంచు తడిమాడు. వెలుతురుకి ఎత్తి చిల్లుల్లోంచి చూశాడు. యంత్రాల గదిలో అట్టలు పరీక్షించేటప్పుడు అలాగే చూస్తారని ఆయనే నాకు చిన్నప్పుడు చూపించాడు. నాన్న చేసిన ఉద్యోగం గురించి డాక్టరుకి చెప్పాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

మర్నాటి నుంచి నాన్న ఆఫీసుకి పోవడం మొదలుపెట్టాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రికార్డుల గదికి తోసుకుపోయేవారు. ఎడమ చేత్తోనే అట్టల కట్టని బల్ల మీద టకటకా తట్టి అంచులు ఒక్క గీత మీదికి తెచ్చేవాడు. సూది దూర్చి ఎత్తేవాడు. ఒక అట్ట తిరగబడి ఉంటే ముట్టుకోగానే కనిపెట్టేవాడు. ఆయాలని సతాయించి గడ్డం గీయించుకునేవాడు. సాయంత్రం వార్డుకి తిరిగొస్తుంటే పెద్దనాయిన కర్ర నేలకేసి కొట్టి, "లేవుండ్రి లేవుండ్రి, ఆఫీసర్ సాబ్ వస్తున్నడు" అని అరిచేవాడు. ఆ వానాకాలం వార్డుల్లో విరేచనాలు పట్టుకున్నాయి. నాన్న సూది ఎత్తి చూస్తే రాలిన అట్టలన్నీ ఒకే మూల మంచాలవి. ఆ మూల నీళ్ల కుండ మార్పించారు, తగ్గిపోయింది. అప్పుడు నాన్న మొహం చూసినవాళ్లెవరూ ఆయనకి మాట లేదనుకోరు. నాన్నకి పక్షవాతం వచ్చాక నేను సంతోషంగా ఉన్నది ఆ కొన్ని నెలలే.

అక్కడ అట్టలు బాగా నడుస్తున్నాయని నలుగురికీ తెలిసి, గేటు దగ్గరికి బండ్లు రావడం ఎక్కువైంది. మంచాలు మాత్రం అన్నే. మనుషుల్ని ఎడ్లబండ్లలో, రిక్షాల్లో తెచ్చి వరండాలో పడుకోబెట్టి బతిమాలేవాళ్లు. ఇంటికి పోగలిగిన వాళ్లని పంపించి మంచాలు ఖాళీ చేయమని దవాఖాన నడిపే కమిటీ వాళ్లు డాక్టరుకి చెప్పారు. ఎవరు పోగలరో చెప్పడానికి సూది ఉండనే ఉంది.

ఆ ఆదివారం నేను నాన్న పక్కనే నిలబడి చూస్తున్నాను. నడవగలిగినవాళ్లెవరో చూడ్డానికి సూది ఎత్తారు, రాలిన వాటిని మళ్లీ పేర్చారు. తమ అన్నం తాము తినేవాళ్లెవరో చూడ్డానికి మళ్లీ ఎత్తారు. చివరికి ఇంట్లో మనుషులున్నవాళ్లు. మూడోసారి కూడా సూది ఎత్తింది నాన్నే. కొన్ని అట్టలు రాలాయి. పైనున్న అట్ట మీద మంచం నంబరు, నాన్న నంబరు పక్కది.

నాన్న దాన్ని చూశాడు. తీసి మళ్లీ సూదికి గుచ్చబోయాడు. కోసిన చిల్లు కదా, జారి ఒళ్లో పడింది. మళ్లీ గుచ్చాడు. మళ్లీ పడింది. "అదే! అదే! అదే!" అని అరిచాడు. రికార్డుల గది గుమాస్తాకి ఏమీ అర్థం కాక మంచినీళ్లు తెచ్చాడు. అర్థం చేసుకుని చెప్పే మనిషి వార్డులో పిల్లికి పాలు పోస్తూ ఉండుంటాడు.

నేను డాక్టరు మీద పడ్డాను. "ఆయన్ని పంపించేస్తే మా నాన్నకి నోరెవరండీ? మీ అట్ట మీద ఆ సంగతికి చిల్లుందా?" అన్నాను.

"లేదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "కానీ బయట బండిలో ఉన్నాయనకి అసలు మంచమే లేదు."

ఆయన చెప్పింది న్యాయమే. న్యాయం కాబట్టి నాకు ఇంకా మండింది.

మధ్యాహ్నం పెద్దనాయిన ఎప్పట్లాగే తినిపిస్తుంటే నాన్న ముద్ద మింగలేదు. నోట్లోంచి ఒక మెతుకు వేలితో తీసి పక్కన పెట్టుకున్నాడు. తలగడ కింద ఉన్న పాత పేపరు ముక్క చింపమని నాకు సైగ చేశాడు. చింపి ఇచ్చాను. కుర్చీ ఎక్కించి ఆఫీసు వైపు తోయమని సైగ చేశాడు. అక్కడ పెద్దనాయిన అట్ట తీయించి, మూడో చిల్లు నోరు తెరుచుకున్న చోట మెతుకు నలిపి, దాని మీద ఆ కాగితం ముక్క అంటించాడు. ఒంటి చేత్తో, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, చాలాసేపు నొక్కిపట్టాడు. ఆరాక చిల్లులో సూది దూర్చి ఎత్తాడు. అట్ట రాలలేదు. వేలాడుతున్న ఆ అట్టని డాక్టరు మొహం ముందుకి పెట్టి, "అదే" అన్నాడు.

డాక్టరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్, మీరు చెప్పేది అర్థమైంది. ఆయనకి ఇంట్లో ఎవరూ లేరంటారు. కానీ ఆ మాట ఆయన నోటితో చెప్పాలి కదా. చెబితే ఉంచేస్తాను, కమిటీకి నేను జవాబు చెప్పుకుంటాను" అన్నాడు. అప్పటికప్పుడే అట్ట పట్టుకుని వార్డుకి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట అంటే చాలు.

"పెద్దాయనా, సరిగ్గా చెప్పు. ఇంట్లో నిన్ను చూసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా, లేరా?"

పెద్దనాయిన మంచం మీంచి లేచి, కర్ర ఆనించుకుని నిటారుగా నిలబడ్డాడు. "అందరున్నరు సారు" అన్నాడు.

డాక్టరు అట్ట జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను పెద్దనాయినని వరండాలోకి లాక్కుపోయి తిట్టాను. నిజంగానే తిట్టాను. ఇన్నాళ్లలో వాళ్లు ఒక్కసారి రాలేదు, వాళ్ల పరువు నీకెందుకు, లేరని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది అన్నాను. ఆయన అంతా విని, తల రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"బతికున్నోళ్లను లేరని ఎట్లంట బిడ్డా? మా దిక్కు గా మాట నోట్లెకెల్లి రానియ్యం. సచ్చినోళ్లకు నీళ్లొదులుకుంట అనే మాట గది. పిల్లలు గలోళ్లు వాండ్లు. నా నోటెంట లేరని వచ్చి, రేపు వాండ్లకేమన్నయితె? వాండ్లు నన్ను సూడకపాయె. గని ఉన్నరు గద. సల్లగుండాలె."

"మరి మా నాన్న?"

ఆయన బండల వైపు తిరిగాడు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

దవాఖాన వాళ్లు ఉత్తరం రాస్తే అన్న కొడుకొకడు వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో కూలి. ఊళ్లో ఇల్లు ఎప్పుడో పోయింది, జీడిమెట్లలోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని అందరూ ఉంటున్నారు. పెద్దనాయిన తెల్ల ధోవతి కట్టుకున్నాడు. నాన్న మంచం దగ్గరికొచ్చి, పడిపోయిన కుడి చేతిని తీసి తన చేతుల్లో పెట్టుకున్నాడు.

"పోయొస్త సారు. బోనాలైనంక వచ్చి కలుస్త. పిల్లిని జర సూసుకో" అన్నాడు.

నాన్న ఆ ఒక్క మాట కూడా అనలేదు. కుంటుకుంటూ పోతున్న మనిషిని గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాడు.

ఆ తర్వాత రికార్డుల గదికి రమ్మంటే నాన్న పోలేదు. కుర్చీ తెస్తే చక్రం మీద కాలు అడ్డం పెట్టేవాడు. ఆయాలు ముద్దలు తొందరగా కుక్కితే దగ్గొచ్చి ఉమ్మేసేవాడు. చిక్కిపోయాడు. ఏం కావాలో చెప్పబోయి, ఎదుటివాళ్లు రెండుసార్లు అడిగి పోతుంటే, చెప్పడమే మానేశాడు. ఒకరోజు డాక్టరు అట్టలు సరిచూస్తూ నాన్న అట్ట మీద మాట లేదన్న చిల్లు కోయబోయాడు.

"ఉంది! ఒక మాటుంది!" అని అరిచాను.

"ఒక్క మాటకి చిల్లు లేదమ్మా" అన్నాడు. గొంతులో బాధే ఉంది. టక్కుమని కోశాడు.

నేను ఆదివారాలు పెద్దనాయిన లాగే మంచం పట్టె మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాను. నీళ్లా? కాదా? కిటికీయా? కాదా? అయ్యేదాకా అడిగాను. కొన్నిసార్లు అయ్యేది. కానీ వారానికొక పూట మాట్లాడితే మనిషికి ఏం సరిపోతుంది?

ఒక సెలవు రోజు వెతుక్కుంటూ జీడిమెట్ల పోయాను. ఘాటు వాసన, పొగ, వరసగా రేకుల అర్రలు. పెద్దనాయిన బయట ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఆయన పడుకునేంత చోటు లేదు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. తుంటి మళ్లీ వాచింది. రికాబీలో చాయ్ పోయించి ఇచ్చాడు. దవాఖానకి తిరిగి రమ్మని, డాక్టరుతో నేను మాట్లాడతానని బతిమాలాను. "వస్తే పిల్లగాండ్లకు మాటొస్తది బిడ్డా. ముసలోన్ని ఎల్లగొట్టిండ్రంటరు. ఫికర్ చెయ్యకు, అందరున్నరు గద" అన్నాడు. సారు ఎట్లున్నడు అని అడిగాడు. బాగున్నాడన్నాను. నా మొహం చూసి, "గిట్ల చెప్తె ఎట్ల? ఏం తిన్నడు, ఎవలతోని మాట్లాడుతున్నడు, అన్నీ చెప్పాలె" అన్నాడు. చెప్పాను. ఆయన తల దించుకుని విన్నాడు. బోనాలైనాక ఒక ఆదివారం నేనే రిక్షాలో తీసుకుపోతే నాన్నని చూడ్డానికి వస్తానని మాటిచ్చాడు.

ఆ మాట నాన్నకి చెబితే ఆయన కళ్లలో వెలుగొచ్చింది. నేను పోయిన ప్రతిసారీ "అదే?" అని అడిగేవాడు. దానికి నేను రెండోసారి అడగక్కర్లేకపోయింది. బోనాలైనాక, నాన్నా. ఇంకొన్ని రోజులు, నాన్నా.

బోనాలయ్యాయి. రిక్షా మాట్లాడుకుని జీడిమెట్ల పోయాను. ఆ రాయి ఖాళీగా ఉంది. అన్న కొడుకు భార్య గుమ్మంలోనే నన్ను చూసి ఏడుపు అందుకుంది. జ్వరం వచ్చింది, పోయాడు, దినాలు కూడా అయిపోయాయి. చివర్లో ఎవరన్నా వచ్చి ఎట్లున్నవు అంటే మంచిగున్న అన్నాడట, అందరున్నరు అన్నాడట.

ఆ రిక్షాలోనే బోరబండ పోయాను. బండల మధ్య నడుస్తూ ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. వార్డులోకి అడుగుపెట్టగానే నాన్న నా వెనకాల చూశాడు. ఎవరూ లేరు. నా మొహం చూశాడు.

"అదే?" అన్నాడు.

నోట్లోంచి నిజం రాలేదు. "బాగున్నాడు నాన్నా. కాలు వాచింది, రాలేకపోయాడు. ఫర్వాలేదు, ఇంట్లో అందరూ ఉన్నారు కదా" అన్నాను.

నాన్న ఎడమ చెయ్యెత్తి ఆఫీసు వైపు చూపించాడు. ఎన్నో వారాలుగా మొహం కూడా చూడని గది. కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయాను. డాక్టరు లోపలే ఉన్నాడు. నాన్న ఇళ్లకి పంపేసినవాళ్ల అట్టలున్న పెట్టె చూపించాడు. డాక్టరు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న వేళ్లతో జరుపుకుంటూ పోయి ఒక అట్ట బయటికి లాగాడు. మూడో చిల్లు మీద ఆ పేపరు ముక్క, మెతుకు ఎండి పచ్చబడి, అలాగే అంటుకుని ఉంది. డాక్టరు దాన్ని పీకెయ్యలేదు.

నాన్న సూది అందుకుని ఆ చిల్లులోంచి దూర్చాడు. పైకెత్తాడు. అట్ట సూదికి వేలాడింది. దాన్ని నా మొహం ముందుకి పెట్టి పట్టుకున్నాడు. ఇంట్లో పెద్దనాయినకి ఎవరూ లేరని ఆ సూది చెబుతోంది. ఆ సంగతి నాన్నకి మొదటి నుంచీ తెలుసు. నా అబద్ధమూ తెలిసిపోయింది.

నేను నేల మీద కూలబడి, ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

"పెద్దనాయిన పోయాడు నాన్నా" అన్నాను.

"అదే" అన్నాడు నాన్న. ఎడమ చేత్తో నా తల నిమిరాడు. సూది ఇంకా ఆయన వేళ్ల మధ్యే ఉంది. ఆ తర్వాత ఆయన ఆ చలికాలం దాకా బతికాడు గానీ మళ్లీ ఆ ఒక్క మాట ఎవరితోనూ అనలేదు.